పిలిస్తే పలకని పిల్ల

మల్లెపూలు తల్లో పెట్టుకుని పురుగులున్న ఇంటికి వచ్చాను, చూడండి నా బుద్ధి. శిడ్లఘట్ట పక్క పల్లెలో పుట్టి, పట్టుపురుగులతో ఒకే కప్పు కింద పెరిగినదాన్ని. పురుగులు మేస్తున్నన్నాళ్ళూ మా అమ్మ తిరగమోత వేసేది కాదు, పొరుగింట్లో అగరొత్తి వెలిగిస్తే గోడ మీంచి తగువుకు దిగేది, ఘాటు వాసన తగిలితే పురుగు మేత మానుతుందని మాకు ఉగ్గుపాలతో పట్టింది. అన్నీ తెలిసి, పురుగుకు తెగులు తగలకుండా గడప ముందు చల్లిన సున్నం మీద కాలు పెట్టబోయాను. లోపలినుంచి ఒక ముసలామె రెండు చేతులూ అడ్డం పెట్టుకుని వచ్చింది. "ఆడే నిలబడండమ్మా! పూలు పెట్టుకోనుండారే. పౌడరు వాసన గూడా కొడతాండాది. లోపల పురుగు పండుతాండాది" అంది. ఆమె రూప వాళ్ళ అవ్వ, మునిరత్నమ్మ. ఈ అరుగు మీద కూచోమంది, కూచున్నాను. నా ఒళ్ళో రూప టిఫిన్ డబ్బా ఉంది. రూప నా విద్యార్థిని, చింతామణి కాలేజీలో బీఏ రెండో ఏడు. ఇవాళ మధ్యాహ్నం నా క్లాసు అవుతూనే లేచి వెళ్ళిపోయింది, డబ్బా బెంచీ కిందే వదిలేసింది. డబ్బా ఇచ్చిపోదామని వచ్చానని ముసలామెతో చెప్పాను. డబ్బా ఇవ్వడానికి చింతామణి నుంచి బస్సెక్కి ఎవరైనా వస్తారా? ఆమె నమ్మింది. టీచరమ్మ అంటే ఇంకా నమ్మేవాళ్ళున్నారు ఈ పల్లెల్లో.

పూలు తీసి ఎక్కడ పడేయాలో తెలియక సంచిలో కుక్కాను, కొళాయి దగ్గర ముఖమూ మెడా కడుక్కున్నాను, అయినా వాసన నన్ను వదలలేదు. పొద్దున అద్దం ముందు ఎంతసేపు నిలబడ్డానో తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు కుంచించుకుపోతోంది. కాలేజీని చూసి యోగ్యత తేల్చే పెద్దమనుషులు బెంగళూరు నుంచి వస్తున్నారు, మీ తత్వశాస్త్రం క్లాసులో కూర్చుంటారు శశికళ మేడమ్, అని ప్రిన్సిపాల్ అమరనాథ్ గారు చెప్పినప్పటినుంచీ నాకు పండగే. ఆ చీర కడదామా ఈ చీర కడదామా అని రోజూ ఆలోచనే. పాఠం మాత్రం మొదటిరోజే ఎంచుకున్నాను, నీతిశాస్త్రంలో ఆరైకె, సహానుభూతి. ఆరైకె అంటే కన్నడంలో చూసుకోవడం, జబ్బుమనిషినో పసిబిడ్డనో కనిపెట్టుకుని ఉండటం. మాకు ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం. ఏడుపొస్తే తెలుగులో వస్తుంది, పాఠం కన్నడంలో వస్తుంది, అందుకేనేమో కన్నడంలో ఎంత పెద్ద మాటైనా కంట తడి లేకుండా చెప్పేయగలను. ఇవాళా చెప్పాను. కొందరు నీతిని నియమంతో కొలిచారు, కొందరు ఫలితంతో కొలిచారు, ఇంకో దారి కూడా ఉంది, ఆ దారిలో ముందుగా నియమమూ లేదు లెక్కా లేదు, ఒక మనిషి పిలుస్తాడు, ఇంకో మనిషికి వినపడుతుంది, ఆ పిలుపు వినపడిన చోట నీతి మొదలవుతుంది అన్నాను. ఎంత బాగుందో అని నాకే అనిపించింది. వెనక బెంచీలో కూచున్న పెద్దాయన తల ఊపాడు. ఆ తల ఊపడమే నా కొంప ముంచింది. ఇంకోసారి ఊపితే బాగుండు అనిపించింది. ఊపాలంటే ఉదాహరణ కావాలి. ఉదాహరణ నా దగ్గర సిద్ధంగా ఉంది.

లోపల చప్పుడు వినిపిస్తోంది, తట్టలు జరుపుతున్న చప్పుడు, ఎవరో తుమ్మిన చప్పుడు, రూప వాళ్ళ నాన్న మునినారాయణ "ఈ పక్క ఇంకా ఉండాయి చూడండి" అనడం. పండిన పురుగు మేత మాని, ఒళ్ళు పచ్చగా మెరుస్తూ, గూడు కట్టడానికి చోటు వెతుక్కుంటుంది. అప్పటికప్పుడు ఏరి చంద్రిక మీద, అంటే వెదురు తడక మీద వేయాలి. ఆలస్యమైతే పట్టంతా ఆకుల్లో చెత్తలో కలిసిపోతుంది, కష్టపడిన పంట చేజారుతుంది. ఆ పూట ఇంట్లో మనిషన్నవాడు ఇంకో పని ముట్టుకోడు. చిన్నప్పుడు నాకు ఆ పూటంటే ఎంత ఇష్టమో! చల్లని మెత్తని పురుగు వేళ్ళ మీద పాకుతుంటే, బయటినుంచి ఎవరు పిలిచినా అందరం ఒకటే మాట అనేవాళ్ళం, "వస్తాండా". వస్తాండా అనడం, కదలకపోవడం. పిలిచినవాళ్ళకూ తెలుసు, ఇప్పుడే రారని. పురుగులున్న ఇళ్ళలో ఆ మాటకు అర్థం అంతే. రూప కూడా ఆ మాటే అంది. పోయిన పంటప్పుడు, ఇదే గదిలో, ఇలాగే పురుగులు ఏరుతూ.

నాకు చెప్పింది స్టాఫ్ రూములో. హాజరీ తక్కువైంది, పరీక్షకు కూర్చోనివ్వరు అని నేనే పిలిపించి గట్టిగా అడిగాను. నిలబడి చాలాసేపు కిటికీ చువ్వ గోకింది. తర్వాత చెప్పింది. వాళ్ళమ్మకు కిడ్నీల జబ్బు, చిక్కబళ్ళాపురం ఆసుపత్రిలో చూపిస్తే ఇంక ఇంట్లోనే చూసుకోండి అన్నారట. పురుగుల గది గోడకు అవతలే మంచం వేశారు. పంట పండిన పూట నాన్న, అవ్వ, అందరూ బయట చంద్రికలు మోస్తున్నారు, గది లోపల గోడ పక్కన రూప ఒక్కతే. "రూపా" అని పిలిచిందట వాళ్ళమ్మ. "వస్తాండామ్మా" అందట ఈ పిల్ల. మళ్ళీ పిలిచింది. మళ్ళీ అదే మాట. ఆ తర్వాత పిలుపు లేదు. "పిలవలేదు గదా, నిద్రపోయిందనుకున్యా మేడమ్" అంది. చేతిలో ఉన్న తట్ట పూర్తి చేసి, చేతులు కడుక్కుని, చెంబుతో నీళ్ళు తీసుకుని పోయేసరికి అయిపోయింది. "అమ్మ పిల్చిందని ఇంట్లో ఎవురికీ తెలీదు మేడమ్. మీకు ఒకరికే చెప్తాండా." నేను తల నిమిరాను. ఎవరికీ చెప్పనన్నాను. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. పరాయి పిల్ల బాధకు నా నిద్ర చెడిందే అని నా మీద నాకే కాస్త గౌరవం కూడా కలిగింది. సిగ్గులేనిదాన్ని. ఆ నిద్రలేమిలోనే కదా మొదలుపెట్టాను, ఆ మాటల్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసుకోవడం, ఇందులో కర్తవ్యం ఒకవైపు, ఆరైకె ఒకవైపు, ఎంత చక్కగా కుదిరింది అనుకోవడం! పేరు తీసేశాను. ఊరు మార్చి రామనగరం పక్క అన్నాను. అంతా శుభ్రం చేసి పెట్టుకునేసరికి, ఆ కథలోంచి రూప ఎప్పుడు జారిపోయిందో చూసుకోలేదు.

చెప్పేవి శ్రీరంగనీతులు అని ఊరికే అన్నారా! రామనగరం పక్క ఒక అమ్మాయి, అని మొదలుపెట్టాను. గొంతు ఎక్కడ తగ్గించాలో, ఎక్కడ ఆగాలో నాకు బాగా తెలుసు. "వస్తాండా" దగ్గర ఆగాను. క్లాసంతా ఊపిరి బిగబట్టింది. ఇప్పుడు చెప్పండి, ఆ అమ్మాయి చేసింది తప్పా ఒప్పా అన్నాను. బాగేపల్లి పక్కనుంచి వచ్చే లోకేశ్ ముందు లేచాడు, వాళ్ళది వేరుశనగ నేల, పురుగుల సంగతి వాడికి తెలియదు. పంట పోతే ఇంకో పంట వస్తుంది, తల్లిని ఎక్కడినుంచి తెస్తారు మేడమ్, ఆ పిల్లకు గుండె లేదు అన్నాడు. ఎవరో కాదన్నారు, పంట పోతే ఇంటిల్లిపాదీ పస్తే కదా, ఆ పిల్ల ఇంటిని చూసుకుంది అన్నారు. నేను బోర్డు మధ్యలో గీత గీసి అటూ ఇటూ రాస్తూ పోయాను. మాట మీద మాట లేస్తోంది, వెనక పెద్దాయన కళ్ళజోడు తీసి మరీ వింటున్నాడు. మంచి జవాబు కావాలి నాకు, ముగింపుకు. మంచి జవాబు కావాల్సి వచ్చినప్పుడు ఎప్పుడూ ఎవరిని లేపుతానో ఆ పిల్లనే లేపాను. "రూపా, నువ్వేమంటావు?" అన్నాను. నా నోటితో నేనే అన్నాను. లేచి నిలబడింది. "తప్పు ఆ పిల్లదే మేడమ్" అంది. అప్పటికైనా నోరు మూసుకోవచ్చు కదా, ఎందుకు అని అడిగాను. ఎందుకు అని అడిగాను ఆ పిల్లని! "పిలిచినప్పుడు పోవల్ల గదా" అంది. క్లాసులో ఎన్నడూ తెలుగు మాట్లాడని పిల్ల తెలుగులో అంది. గుడ్ అన్నాను. గుడ్ అని బోర్డు వైపు తిరిగి, పిలిచినప్పుడు, అని కన్నడంలోకి మార్చి రాయబోతుంటే చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. ఇది ఎవరి కథో అప్పుడు గుర్తొచ్చింది. వెనకనుంచి చప్పట్లు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేము. తిరిగి చూసేసరికి ఆమె బెంచీ ఖాళీ. వెంటనే వెనక పరుగెత్తానా? లేదు. పెద్దమనుషులు ఫోటోకు రమ్మన్నారు. నిలబడ్డాను. నవ్వాను కూడా.

మునిరత్నమ్మ బయటకు వచ్చి, అరుగు చివర ఆనించిన చంద్రికల్లో ఒకటి తీసుకుంటూ ఆగింది. నడుం మీద చెయ్యి వేసుకుని నన్ను తేరిపార చూసింది. "కాలేజీలో ఏమన్నా జరిగిందా అమ్మా? మద్దేన్నమే వచ్చేసింది పాప. అన్నం తిన్లేదు. పురుగు పండిందని చెప్పకముందే లోపలికి దూరింది" అంది. ఒళ్ళో డబ్బా మూత సర్దాను. ఆమే అందుకుంది. "వాళ్ళమ్మ పోయినప్పటినుంచీ అదొక మాదిరి అయిపోయింది బిడ్డ. పిలిస్తే పలకదమ్మా. ఓ అనదు, ఆ అనదు. పిలిచిన గడియకే బిరబిరా వచ్చి ఎదురుగా నిలబడతాది, దయ్యం మాదిరి. యాడుంటే ఆడినుంచి ఓ కేక వేయొచ్చు గదా, వస్తాండా అని! చేతిలో పని ఆడే పారేసి పరిగెత్తుకోని వస్తాది. ఒకసారి పొయ్యి మీద పాలు వదిలేసి వచ్చింది. మీరన్నా కొంచెం చెప్పండి, మీ మాటంటే వింటాది." చంద్రిక ఎత్తుకుని లోపలికి పోయింది.

పిలిస్తే పలకదు. వచ్చి నిలబడుతుంది. క్లాసులో హాజరీ పిలిచినప్పుడు కూడా అంతే. అందరూ కూచున్నచోటినుంచి ఎస్ మేడమ్ అంటారు, ఈ పిల్ల మాత్రం మాట్లాడకుండా లేచి నిలబడుతుంది. నోట్లో ముత్యాలున్నాయా, రాలిపోతాయా, అని ఎన్నిసార్లు ఎగతాళి చేశాను. క్లాసంతా నవ్వేది, రూప కూడా నవ్వేది. వస్తాండా అన్న మాట ఇంకెప్పుడూ అనకూడదని ఆ పిల్ల తనకు తాను పెట్టుకున్న శిక్ష అది. ఇంకెవరి పిలుపూ గోడ అవతల ఆగిపోకూడదని పరుగెత్తుతోంది. పిలుపు వినపడిన చోట నీతి మొదలవుతుందని నేను సుద్దముక్క పట్టుకుని చెప్పిన ముక్క, ఆ పిల్ల పొయ్యి మీద పాలు పొంగించుకుంటూ బతుకుతోంది. నాకు అంతా చెప్పింది కదా, స్టాఫ్ రూములో నా ఎదురుగా నిలబడి చెప్పింది కదా, నేను నిజంగా విన్నదాన్నైతే మర్నాడు హాజరీ పిలిచేటప్పుడే తెలిసి ఉండేది. నేను విన్నది కథ. పిల్లని వినలేదు.

ముసలామె మళ్ళీ వస్తే చెప్పేద్దామా? నేను పాపిష్టిదాన్నమ్మా, మీ పిల్ల నాకు నమ్మి చెప్పిన మాటను నలుగురిలో పెట్టాను, కాళ్ళు పట్టుకుంటాను, అని ఏడ్చేస్తే? గుండె తేలికవుతుంది. ఏ మాట అని ఆమె అడుగుతుంది. కోడలు పిలిచిందనీ, మనవరాలు పోలేదనీ చెప్పాల్సి వస్తుంది. అంటే మళ్ళీ అదే పని, ఈసారి ఏడుస్తూ. నా గుండె తేలిక చేసుకోవడానికి ఆ పిల్ల గుట్టు ఇంకోసారి ఖర్చు పెట్టడం. బస్సులో వస్తున్నంతసేపూ క్షమించమని ఎలా అడగాలో మాటలు కూర్చుకున్నాను, వరసగా, అందంగా, ఇంకో ఉపన్యాసం తయారవుతోందని దారిలో కైవార ఊరు దాటేదాకా తెలుసుకోలేదు. ఇప్పుడు ఈ అరుగు మీద నాకు మిగిలింది నోరు మూసుకుని ఈ సిగ్గును మోయడం ఒక్కటే. అదీ నాకు చేతనవుతుందో లేదో. నోటితో బతికినదాన్ని.

ఫోను మోగింది. అమరనాథ్ గారు. అదే క్షణంలో రూప గడప దాటి బయటకు వచ్చింది, చంద్రికల కోసం. నన్ను చూసి ఆగింది. ఓణీ నడుముకు బిగించి కట్టుకుంది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి, మోచేతి మీద పండిన పురుగు ఒకటి పాకుతోంది, చూసుకోలేదు. ఫోనులో గొంతు బయటికే వినపడుతోంది. "మేడమ్, ఏం క్లాసు మేడమ్ అది! పెద్దాయన మరీ మరీ మెచ్చుకున్నారు. ఆ రామనగరం అమ్మాయి కథ రాసివ్వండి, మీ పేరుతో వాళ్ళ పుస్తకంలో వేస్తారంట. సోమవారానికి కావాల." నేను రూపను చూస్తున్నాను. రూప చంద్రికను చూస్తోంది. "ఇచ్చేకి కాదు సార్" అన్నాను. అదేంటి అన్నాడాయన. "ఆ కథ నాది కాదు సార్. చెప్పడమే తప్పు. ఇంక యాడా చెప్పను, రాయను. వాళ్ళతో అట్లే చెప్పండి" అన్నాను. కాలేజీకి మంచి పేరు వస్తుంది కదా మేడమ్, అంటున్నాడు. ఫోను కట్టేశాను. మెచ్చుకున్నారు అన్న మాటకు ఆ క్షణంలో కూడా లోపల ఎక్కడో కొంచెం సంతోషం కదిలింది, అది కూడా చెప్పుకోవాలి.

రూప చంద్రిక ఎత్తలేదు. లోపలికి ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగింది. "బోర్డు మీద రెండు పక్కలా రాసినారే మేడమ్. కడాకు ఏ పక్క అని చెప్పనే లేదు." కసురుకుంటుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను, పొమ్మంటుందనుకున్నాను. అడుగుతోంది. స్టాఫ్ రూములో కూడా ఇదే అడగడానికి వచ్చిందేమో, తల నిమిరి పంపేశాను. తప్పు కాదమ్మా అనేస్తే సరిపోతుందా? ఎవరైనా అంటారు ఆ మాట. ఇరవై ఏళ్ళుగా చదివి చెప్పిన పాఠాల్లో ఒక్కటీ నోటికి రాలేదు. వచ్చింది మా ఇంటి గది ఒకటే, వేళ్ళ మీద చల్లని పురుగు, బయట మా అమ్మ గొంతు. "మా యమ్మ గూడా పిలిచేది రూపా" అన్నాను. "పురుగులు ఏరతా ఏరతా నేనూ వస్తాండా అనేదాన్ని. పోయేదాన్ని కాదు. ఎన్నిసార్లో. మా యమ్మ ఆ పూట బతికింది, నాది తప్పు కాలేదు. నీకూ నాకూ అంతే తేడా." సంచి పక్కకు జరిపాను. "ఈ పొద్దు నేను చేసింది మటుకు తప్పే. దానికి రెండు పక్కలు లేవు."

ఆ పిల్ల మోచేతి మీది పురుగును అప్పుడు చూసుకుంది, రెండు వేళ్ళతో మెల్లగా తీసి చంద్రిక మీద పెట్టింది, అది తల ఎత్తి అటూ ఇటూ చూసి దారం తీయడం మొదలుపెట్టేదాకా చూస్తూ నిలబడింది. లోపలినుంచి మునిరత్నమ్మ "పాపా!" అని కేకేసింది. రూప పెదవులు కదిలాయి. మాట రాలేదు. చంద్రిక ఎత్తుకుని పరుగెత్తింది. సోమవారం కాలేజీకి వస్తావా అని అడగడానికి కదా నేను వచ్చింది, ఆ పిల్ల చదువు మానేస్తుందేమోనన్న భయమే కదా నన్ను బస్సెక్కించింది. ఆ ప్రశ్న గొంతులోనే మింగాను. వస్తా అని ఆమె చేత అనిపించడానికి నేనెవరిని? "రూపా, రేపు ఆదివారం. ఏరేకి నేను వస్తాను" అన్నాను ఆమె వీపుకేసి. గడప దగ్గర సున్నం మీద ఆగింది, వెనక్కి తిరగలేదు. "పూలు పెట్టుకోకుండా రాండి మేడమ్" అంది, లోపలికి పోయింది.

డబ్బా అరుగు మీద పెట్టి లేచాను. అటు మలుపులో బస్సు హారన్ వినపడుతోంది, అది పోతే మళ్ళీ చీకటి పడ్డాకే. సందులోంచి గబగబా రోడ్డు మీదకు వచ్చాను. బస్సు కనపడింది, చెయ్యి ఎత్తాను. వెనకనుంచి మునిరత్నమ్మ పిలిచింది. "అమ్మా! శశికళమ్మా! కాపీ పెట్టినా, తాగి పోండి!" ఆ మాట నోటిదాకా వచ్చేసింది, చిన్నప్పటినుంచీ అలవాటైన మాట, కదలకుండా అనే మాట. పళ్ళ బిగువున ఆపాను. చెయ్యి దించి, వెనక్కి తిరిగి, సందంతా నడిచి వెళ్ళి ఆమె ఎదురుగా నిలబడ్డాను. రోడ్డు మీద బస్సు వెళ్ళిపోయిన చప్పుడైంది. ముసలామె లోటా పట్టుకుని నన్ను వింతగా చూసింది. "ఇదేందమ్మా, మీరూ మా పాప మాదిరే అయితిరి. పిలిస్తే పలకరే!" అని నవ్వింది. ఆమె వెనక గది గుమ్మంలో రూప నిలబడి ఉంది, చేతినిండా పురుగులతో, నన్నే చూస్తూ. నేను తల దించుకుని కాఫీ అందుకున్నాను.